ఎనిమిదో ఏట సంతకం

నాగాయలంక,
16 నవంబరు 2025, ఆదివారం.

ఆచార్య జాన్సన్ గారికి, మీ సొంత ఊరి మందిరంలో వాక్యం చెప్పే హనోకు రాయునది.

రాహేలు కోసం ఏడేళ్లు మందలు కాసిన యాకోబుకు, ఎనిమిదో ఏట లాబాను ఏం చెప్పాడో మీకు గుర్తుందా? సండే స్కూల్లో ఈ ప్రశ్న అడిగితే చెయ్యెత్తింది మీరే. బహుమానంగా పెన్సిలు డబ్బా మీకే ఇచ్చారు. కాబట్టి జవాబు నేను రాయను. ఈ ఉత్తరం చదువుతున్నంతసేపూ మీకు మీరే చెప్పుకుంటూ ఉండండి.

వందనాలు ముందు రాయాలని తెలుసు. తల్లి గర్భంలో ఉన్నప్పుడే మనిద్దరినీ ఎరిగినవాడి పేరట మీకూ, చెల్లెమ్మ గారికీ వందనాలు. ఇక్కడ అందరం క్షేమమే. మీ పెద్దన్నయ్య గారికి మోకాళ్లు ఇంకా నొప్పులే గానీ మందిరం మెట్లు ఎవరి చెయ్యీ పట్టుకోకుండా ఎక్కుతున్నారు. మొన్నటి గాలివానకు పొట్ట మీదున్న వరి పడిపోయింది, లేపి కట్టలు కట్టుకుంటున్నారు. నా ఏరేటర్ల పని బాగానే ఉంది. రొయ్యల చెరువులున్నన్నాళ్లూ వాటిలో గాలి కొట్టే మోటార్లు చెడిపోతూనే ఉంటాయి, నాకు అన్నం దొరుకుతూనే ఉంటుంది. ఇవీ క్షేమ సమాచారాలు.

ఇక ఈ ఉదయం మందిరంలో జరిగింది చెప్తాను.

ఆరాధన అయ్యాక ప్రార్థన మనవులు అడగడం మన దగ్గర అలవాటు కదా. ఒక్కొక్కరు లేచి తమ అవసరం చెప్తారు, సంఘం అంతా ప్రార్థిస్తుంది. ఒకరు చెరువులో రొయ్య సైజు పెరగాలంటారు, ఒకరు కోడలు పుట్టింటి నుంచి రావాలంటారు. ఇందిర కూతురు కెజియా, మీ దగ్గర పీహెచ్‌డీ చేస్తున్న పిల్ల, ఊళ్లో ఉన్న ప్రతి ఆదివారం లేచి ఒకటే మాట చెప్పేది. థీసిస్ సబ్మిట్ అవ్వాలని ప్రార్థన చెయ్యండి అనేది. మన మార్తమ్మ పెద్దమ్మకు అదేమిటో ఇప్పటికీ తెలియదు. అదొక జబ్బు అనుకుంటుంది. ప్రభువా, ఈ బిడ్డకు పట్టిన తీసిస్సును ముట్టి బాగుచెయ్యి తండ్రీ అని కన్నీళ్లతో ప్రార్థిస్తుంది. మొదట్లో కెజియా నవ్వాపుకోలేక కొంగు నోట్లో పెట్టుకునేది. తర్వాత తర్వాత నవ్వడం మానేసింది. ఒకరోజు నాతో అంది, పెద్దమ్మ సరిగ్గానే చేస్తోంది అంకుల్, మీరే తప్పు చేస్తున్నారు అని.

ఈ ఉదయం ఆ పిల్ల లేచి నిలబడి, థీసిస్ కోసం ఇక చెయ్యొద్దండి, ఏదన్నా పని దొరకాలని చెయ్యండి, అని కూర్చుంది.

వాళ్లమ్మ తల ఎత్తలేదు. మార్తమ్మ పెద్దమ్మ మాత్రం స్తోత్రం అంది, జబ్బు తగ్గిపోయిందనుకుని. నేను ప్రార్థన చెయ్యడానికి నోరు తెరిచాను, రాలేదండీ. ఇరవై ఏళ్లలో నాకు ప్రార్థన రాకపోవడం అదే మొదటిసారి. పాట ఎత్తుకోమని చెప్పి కిందికి దిగిపోయాను.

జాన్సన్ గారూ, మీకు ఆ పిల్ల ఒక రీసెర్చ్ స్కాలర్. రిజిస్టరులో ఒక నంబరు. మాకు ఆ పిల్ల ఏమిటో చెప్తాను.

2017లో జాతీయ పరీక్ష రాసి ఫెలోషిప్ తెచ్చుకుంది. అయిదేళ్లపాటు సర్కారే నెలనెలా ఇచ్చి చదివిస్తుందని తెలిసి ఇందిరకు నమ్మకం కుదరలేదు. చదువుకి మనం కట్టాలి గానీ వాళ్లు మనకి కట్టడం ఏంటి అన్నయ్య గారూ, ఇందులో ఏదో తిరకాసుంది అని నన్ను పట్టుకుని అడిగింది. తిరకాసేమీ లేదమ్మా, పనివాడు జీతానికి పాత్రుడని వాక్యంలోనే ఉంది అని పెద్దగా చెప్పాను. యూత్ కుర్రాళ్లు ఊరుకోలేదు. డాక్టర్ కెజియా గారికి హృదయపూర్వక శుభాకాంక్షలు అని సెంటర్లో ఫ్లెక్సీ కట్టేశారు. పిల్ల తల పట్టుకుంది. అన్నయ్యా, నేనింకా చేరలేదు, డాక్టర్ అని వేసేశారేంటి అంటే, చేరాక ఎటూ అయిపోతావు కదా, మళ్లీ ఫ్లెక్సీ ఖర్చెందుకు అన్నారు. మర్నాటి నుంచి ముసలాళ్లు బీపీ బిళ్లలు పట్టుకుని ఇందిర గుమ్మంలో. ఇది పీతల డాక్టరండీ, మనుషుల డాక్టరు కాదు అని ఇందిర చెప్పుకోలేక చచ్చింది. నవ్వుకుంటున్నారేమో. నవ్వుకోండి. ఇంటరుకు రెండేళ్లు, డిగ్రీకి మూడేళ్లు అని ఉన్నట్టే దీనికీ ఒక లెక్క ఎక్కడో రాసి ఉంటుందనుకున్న జనం మేము. చేరినవాడు బయటికి ఎప్పుడొస్తాడో లోపలున్న ఒక్క మనిషి చేతిలో ఉంటుందని మాకెలా తెలుస్తుంది?

ఫెలోషిప్ ఇస్తామన్నారు గానీ మొదటిది చేతికొచ్చేసరికి ఆ ఏడు దాదాపు గడిచిపోయింది. వచ్చిన దాంట్లో మొదటి నెలది ప్రథమ ఫలమని మందిరానికి తెచ్చింది. వద్దమ్మా, హాస్టలుకి కట్టుకో అన్నాను. దేవుడికి చెప్పాను అంకుల్, మాట తప్పలేను అంది. ఆదివారం నేను పట్టుకుని అరిచే మైకు అదే.

తర్వాత మీ ల్యాబు సంగతి. ఆ పిల్ల మీ మీద ఏనాడూ ఒక్క చాడీ చెప్పలేదు, ఇది నమ్మండి. నాకు తెలిసినవన్నీ నా పనివల్ల తెలిశాయి. మండపీత పిల్లలు గుడ్డులోంచి వచ్చాక పెద్ద పీత ఆకారానికి వచ్చేవరకు ఎంత ఉప్పు నీళ్లలో, ఎంత వేడిలో బతుకుతాయో చూడటం ఆమె పని. ఆ నీళ్లలో రాత్రీ పగలూ గాలి ఆడాలి. మీ ల్యాబులో గాలి మోటారు కాలిపోయింది. కొత్తది కొనడానికి మంజూరు రాలేదు. ఆ పిల్ల ఆ మోటారును గోనెసంచిలో చుట్టి, రెండు బస్సులు మారి, పులిగడ్డ వారధి మీద నుంచి నా కొట్టుకు మోసుకొచ్చింది. అంకుల్, రేపటికల్లా కావాలి, పిల్లలు చచ్చిపోతారు అంది. ఎవరి పిల్లలమ్మా అని కొట్టులో ఉన్నవాళ్లు కంగారుపడ్డారు. వైండింగ్ కట్టి ఇచ్చాను. అప్పటికే ఆ విడత పిల్లలు పోయాయి. పీత మళ్లీ గుడ్లు పెట్టేవరకు ఆగాలి. అలా ఒక ఏడు పోయింది. తర్వాతి ఏడు కరోనా అని ల్యాబుకు తాళం పడింది. ఆ తర్వాత మందులు లేవు, పరీక్ష మిషను బాగుచేసేవాడు రాలేదు. జీవులు మన క్యాలెండరు చూసి పెరగవు, సైన్సుకు ఆలస్యం సహజమేనని నాకూ తెలుసు. మోటారు కూడా ఒక్కోసారి ఎందుకు తిరగదో నాకే తెలియదు. నేను తప్పుపట్టేది ఆలస్యాన్ని కాదు. ఆలస్యం పీతదైనా, తాళానిదైనా, మంజూరుదైనా, ఆ ఏళ్లు మాత్రం ఆ పిల్ల ఒక్కదాని వయసులోంచే తీసుకున్నారు.

ఐగుప్తులో ఫరో ఏం చేశాడు? దాసులకు ఇటుకల మట్టిలో కలిపే గడ్డి ఇవ్వడం మానేసి, ఇటుకల లెక్క మాత్రం తగ్గకూడదన్నాడు. గడ్డి మీరే ఎక్కడన్నా ఏరుకోండి అన్నాడు. గోనెసంచిలో మోటారు మోసుకుంటూ బస్సు దిగిన పిల్లను చూసినప్పుడు నాకు ఆ అధ్యాయమే గుర్తొచ్చింది. కానీ అప్పుడు నేను ఫరో అని ఢిల్లీని అనుకున్నాను. మిమ్మల్ని అనుకోలేదు.

తర్వాత పేపరు. ఆమె నాలుగేళ్ల పని పత్రికలో అచ్చయిందని ఫోన్ చేసి చెప్పింది. గొంతులో సంతోషం లేదు. ఏమ్మా అంటే, మొదటి పేరు నాది కాదు అంకుల్ అంది. మొదటి పేరు మీ మేనల్లుడు ప్రేమ్ కుమార్‌ది. ఆమె తర్వాత రెండేళ్లకు మీ దగ్గర చేరినవాడు. ఆమె కంటే ముందు డాక్టరయినవాడు. మొదటి పేరుకు అంత విలువేంటమ్మా, నీ పేరు కూడా ఉంది కదా అని నా తెలివితక్కువకొద్దీ అడిగాను. పెళ్లి మర్నాడు యాకోబు లేచి చూసినట్టుంది అంకుల్ అంది. అంతకు మించి వివరం నాకు అక్కరలేకపోయింది. ఏడేళ్లు కాసింది రాహేలు కోసం, తెల్లవారి చూస్తే పక్కన ఆమె అక్క లేయా.

అయిదేళ్లు నిండాక 2022లో ఫెలోషిప్ ఆగిపోయింది. పని ఆగలేదు. ఇందిర రొయ్యల కంపెనీలో తలలు తీస్తుంది. ఆ మంచులో నానీ నానీ దాని వేళ్లు ఇప్పుడు సూదిలో దారం ఎక్కించలేవు. ఇక చాల్లే, వచ్చెయ్యమ్మా అంది. కెజియా వద్దంది, ఇంకో ఆర్నెల్లేనమ్మా, సార్ చెప్పారు అంది. అప్పుడు మన సంఘంలో ఆడవాళ్లు కూర్చుని ఒక మాట అనుకున్నారు. గుప్పెడు బియ్యం సంగతి మీకు నేను చెప్పాలా? అన్నం వండబోయే ముందు ప్రతి ఇంట్లో ఒక గుప్పెడు తీసి పక్కన పెట్టడం, ఆదివారం మందిరానికి తెచ్చి బుట్టలో పొయ్యడం, ఆరాధన అయ్యాక వేలం పాడటం. ఆ వేలం మీద వచ్చింది కెజియా హాస్టలుకి అన్నారు. మీరు ఎమ్మెస్సీ చదివినప్పుడు మీ మెస్సుకు వెళ్లింది కూడా ఆ బుట్టే. ఇది ఎత్తి చూపడానికి రాయడం లేదు. ఎత్తి చూపడానికే రాస్తున్నాను, ఎందుకు దాచాలి?

మూడేళ్లు ఇచ్చారండీ. విసుక్కోలేదని చెప్పను. ఈ పిల్ల చదువయ్యేసరికి మా మనవడికి మీసాలొస్తాయి అని ఒకావిడ అంది. పెళ్లి చేస్తే ఈపాటికి ఇద్దరు పిల్లలు బడికి పోయేవాళ్లు అని ఇంకొకావిడ. మా బియ్యం ఎప్పుడూ పాడుకునేది సెంటర్లో కిరాణా కొట్టు అంకమ్మరావు గారు. ఆయన మన సంఘం కాదు, తిరుపతి మొక్కు తప్పని మనిషి. ఒకసారి నలుగురిలో, ఏంటి హనోకు గారూ, మూడేళ్ల నుంచి ఈ బియ్యం మీద ఒక డాక్టరమ్మను వండుతున్నారంట, ఇంకా ఉడకలేదా అన్నారు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. ఆ తర్వాత ఆయన ఎప్పుడూ పాడే దానికంటే ఎక్కువే పాడారు. వేళాకోళం ఆడినవాడు పాట పెంచాడు, చూశారా.

ఇప్పుడు నెల కిందట గుడివాడలో మీ ఇంటికి నేను వచ్చిన సంగతి.

ఊరికే రాలేదు, మన పద్ధతి తప్పకుండా తడి గోనెలో మండపీతలు పట్టుకొచ్చాను. చెల్లెమ్మ గారు గుమ్మంలోనే అందుకుని, ఇంతింత లావున్నాయేంటి అన్నయ్య గారూ అని సంబరపడ్డారు. పీతలు లోపలికి వెళ్లాయి. నేను వరండాలో కూర్చున్నాను. మంచి కాఫీ ఇచ్చారు. నేను మొదలుపెట్టకముందే మీరు మొదలుపెట్టారు, ఫెలోషిప్ ఆపింది నేనా హనోకన్నా, పైవాళ్లు కదా అని. నిజమే అన్నాను. లాక్‌డౌన్‌లో హాస్టలు బిల్లు నేనే కట్టాను, తెలుసా అన్నారు. తెలుసు, ఆ పిల్లే చెప్పింది అన్నాను. ఆ మేలు నేను కొట్టెయ్యను, ఈ ఉత్తరంలో రాసి మరీ ఒప్పుకుంటున్నాను.

మరి థీసిస్ జనవరి నుంచి మీ బల్ల మీదే ఉందంట కదా, తప్పులేమన్నా ఉన్నాయా అని అడిగాను. తప్పులేం లేవు, మంచి పని, నా చేతికింద ఇంత మంచి పని ఎవరూ చెయ్యలేదు అన్నారు. నా చెవులతో విన్నాను. మరి సంతకం అన్నాను. ప్రాజెక్టు మార్చిదాకా ఉంది హనోకన్నా, ఆ పిల్ల వెళ్లిపోతే ట్యాంకులు చూసేవాళ్లు లేరు, వేరేవాళ్లు ముట్టుకుంటే పిల్లలు చచ్చిపోతాయి, మార్చి దాటనియ్యి అన్నారు. నవంబరుతో థీసిస్ ఇచ్చే గడువు అయిపోతుంది కదా, పొడిగింపులన్నీ అయిపోయాయంట కదా అన్నాను. అడుగుదాంలే, ఏదో ఒకటి చేద్దాంలే అన్నారు. ఆ ప్రాజెక్టులో ఆ పిల్లకు జీతమేమన్నా ఉందా అన్నాను. లేదు, ఆ పోస్టు మంజూరు కాలేదు అన్నారు. కళ్లం తొక్కే ఎద్దు మూతికి చిక్కం కట్టొద్దని మోషే ధర్మశాస్త్రంలో ఉంది. ఎద్దుకే ఉంది.

తర్వాత మీరన్న మాట నాకు నిద్ర పట్టనివ్వడం లేదు. నాకు తొమ్మిదేళ్లు పట్టింది, మా గైడు ఇంట్లో గేదెకు గడ్డి కోసుకొచ్చి వేశాను, ఆయన కూతురి పెళ్లిలో విస్తళ్లు ఎత్తాను, చచ్చానా? అన్నారు. ఎవరైనా పడాల్సిందే, పడితేనే మనిషవుతాడు అన్నారు.

కాఫీ గ్లాసు కింద పెట్టి లేచి వచ్చేశాను. బస్సులో పెదపారుపూడి దాటాక వచ్చింది జవాబు. అది మీరు అని రాయడం నా వల్ల కాదు. ఇక్కడి నుంచి నువ్వు అంటాను. బందరు బోర్డింగు హాస్టల్లో ఒకే దుప్పటి కప్పుకున్నవాళ్లం, ఆ హక్కుతో అంటాను. కోపమొస్తే చదివాక చించెయ్యి, ముందు మాత్రం కాదు.

జాన్సనూ, నువ్వు తొమ్మిదేళ్లు పడ్డప్పుడు సెలవులకొచ్చి కాలవ గట్టు మీద కూర్చుని ఏడ్చింది ఎవరి పక్కన? నా పక్కన. వీడు నా చేత గేదెను కడిగిస్తున్నాడు హనోకన్నా, నేను సైన్సు చదవడానికి వెళ్లానా, పాలేరుగా వెళ్లానా అన్నావు. మన కులం చూసే ఇలా చేస్తున్నాడు, రేపు నేను ఆ కుర్చీలో కూర్చున్న రోజున ఒక్కడిని కూడా ఒక్కరోజు ఎక్కువ ఉంచను అన్నావు. నేను నిన్ను నమ్మాను. ఇంటికెళ్లి మోకాళ్ల మీద పడి, ప్రభువా, వీడిని ఆ కుర్చీలో కూర్చోబెట్టు అని ప్రార్థించాను. ఆయన విన్నాడు. నిన్ను కూర్చోబెట్టాడు. నువ్వు మన బోర్డింగు పిల్లల్లో మొదటి ప్రొఫెసరువయ్యావు, మేము ఊరంతా చెప్పుకుని మురిసిపోయాం. కానీ నువ్వు ఐగుప్తు దాటి రాలేదురా. ఐగుప్తులోనే ఉండిపోయి, ఫరో చచ్చిపోతే ఆ కుర్చీలో కూర్చున్నావు.

నువ్వు పడ్డ బాధ నీకు ఏం నేర్పింది? బాధ పడటం నేర్పిందా, పెట్టడం నేర్పిందా? నువ్వు గేదెను కడిగావు. ఆ పిల్ల చేత కడిగించలేదు, నిజమే. కానీ ఆమె చేసే పని ఎంత బాగుంటే అంత గట్టిగా పట్టుకున్నావు. చేతకానివాడైన నీ మేనల్లుడు నాలుగేళ్లలో బయటపడ్డాడు. చేతనైనది ఎనిమిదేళ్లు ఉండిపోయింది. నీ రాజ్యంలో పనితనానికి శిక్ష అది.

ఎవరు ఎవరికి అన్యాయం చేస్తున్నారో ప్రభుత్వానికి తెలియదు, ఢిల్లీకి తెలియదు, పత్రికలకు తెలియదు. అయిదేళ్లే డబ్బిస్తామన్నవాడు అయిదేళ్లలో ముగించు అని నీకు చెప్పలేదు. ఎనిమిదేళ్లదాకా ఉంచుకోవచ్చని నీకు చెప్పినవాడు ఆ కాలమంతా డబ్బిస్తామని ఆమెకు చెప్పలేదు. ఈ రెండిటి మధ్య ఉన్న సందులో ఆ పిల్ల యవ్వనం అంతా పోయింది. ఆ సందులో నిలబడి ఉన్న ఒకే ఒక్క మనిషివి నువ్వు. పైవాళ్లను వాళ్ల సృష్టికర్తకు వదిలేస్తాను. నిన్ను వదలను.

ఎల్లుండి మంగళవారం, 18వ తేదీ, సాయంత్రం అయిదు గంటలకు ఆమె గడువు ముగుస్తుంది, రిజిస్టరులో పేరు కొట్టేస్తారు. ఆ తర్వాత ఆమె చేసిన పని అంతా, చచ్చిన పీత పిల్లలూ బతికిన పీత పిల్లలూ కలిపి, ఎవరూ చెయ్యని పని అయిపోతుంది. నా పర్యవేక్షణలో జరిగింది అని అచ్చు వేసిన పేజీ కింద నీ సంతకం పడాలి. కెజియా సంతకం జనవరిలోనే పడింది. సంతకం పెట్టి కింద పీహెచ్‌డీ సెక్షనులో ఇప్పించడానికి నీ డిపార్ట్‌మెంటులో మనుషులున్నారు.

పోస్టులో వేస్తే అందదు కాబట్టి ఈ ఉత్తరం మనిషి చేత పంపిస్తున్నాను. నీ మనసు మెత్తబడాలని ప్రార్థిస్తున్నాను. మెత్తబడకపోయినా చెయ్యి కదిలితే చాలు.

ఒకప్పుడు నీ పక్క మంచం,
ఇప్పుడు నీ మీద ఫిర్యాదీ,
హనోకు

తా.క. మంగళవారం, 18 నవంబరు. నీ గది బయట బెంచీ.

మనిషి చేత పంపిస్తానన్నాను, ఆ మనిషి నేనే అయ్యాను. నిన్న ఒకటి జరిగింది. అది జరగకపోతే వేరేవాళ్ల చేత పంపి ఊరుకునేవాడిని.

నిన్న ముదినేపల్లి దగ్గర చెరువులకు ఏరేటర్లు బాగుచెయ్యడానికి వెళ్లాను. అక్కడ మేత కొట్టు వెనక గదిలో చెరువు నీళ్లు పరీక్ష చేసి చెప్పే చిన్న ల్యాబు పెట్టారు. కొట్టు నడిపేది చిన్నబాబు అని, నాకు బాగా తెలిసినవాడు. నీళ్లు తాగుదామని లోపలికి వెళ్తే, చేతులకు తొడుగులు వేసుకుని, సీసా కిటికీ వైపు ఎత్తి పట్టుకుని చూస్తూ కెజియా. ఆదివారం ఆ పిల్ల పని కోసం ప్రార్థన అడిగింది కదా, నాకు నోరు రాకపోయినా సోమవారానికి నెరవేరింది. ఎనిమిదేళ్ల ప్రార్థన నెరవేరలేదు గానీ ఇది ఒక్కరోజులో నెరవేరింది.

చిన్నబాబు నన్ను చూసి, ఈ అమ్మాయి మీ ఊరేనంట కదా పాస్టరు గారూ, ఇవాళే వచ్చింది, చెయ్యి తిరిగిన మనిషిలా ఉంది అన్నాడు. పెద్ద చదువులోళ్లని పెట్టుకోనండి, నాల్రోజులుండి నాకే పాఠాలు చెప్పి పోతారు, ఈ అమ్మాయి ఇంటరే అంట, మరి ఇన్నేళ్లూ ఏం చేశావమ్మా అంటే ఇంట్లో ఖాళీగా ఉన్నానండి అంది, ఇంత చురుకైన పిల్ల ఖాళీగా ఎందుకుందో నాకర్థం కాలేదు, నిజమేనా అండీ, మీరైతే అబద్ధం చెప్పరు అని అడిగాడు.

ఆ పిల్ల నా వైపు చూడలేదు. సీసా వైపే చూస్తూ ఉంది.

అవునండి, ఇంట్లోనే ఉంది అన్నాను.

అబద్ధసాక్ష్యం పలకకూడదన్న తొమ్మిదో ఆజ్ఞ మీద నేను ఎన్ని ఊళ్లలో వాక్యం చెప్పానో నీకు తెలుసు. నిన్న అదే నోటితో, ఒక ఆడపిల్ల జీవితంలోంచి ఎమ్మెస్సీనీ, ఫెలోషిప్‌నీ, ఎనిమిదేళ్ల పరిశోధననూ తుడిచేశాను. ఆమెకు పూట గడవాలి కాబట్టి తుడిచేశాను. జరిగిన పనిని జరిగిందని చెప్పాల్సిన మనిషివి నువ్వు. నువ్వు చెప్పలేదు గనుకే అది జరగలేదని నేను చెప్పాల్సి వచ్చింది.

వచ్చేసేటప్పుడు నా వెనకే బయటికొచ్చి, సార్‌ని ఏమీ అనకండి అంకుల్ అంది. నాకు కోపమొచ్చింది, ఇంకా సారేంటమ్మా అన్నాను. ట్యాంకుల్లో పిల్లలు ఉన్నాయి అంకుల్, పొద్దున్న మేత ఎంత వెయ్యాలో ల్యాబులో వాళ్లకు ఫోన్ చేసి చెప్పాను, వేశారో లేదో అంది. ఇవాళ్టి గడువు సంగతి అడిగితే, అది అయిపోయింది లెండి అని లోపలికి వెళ్లిపోయింది. నేను ఇక్కడికి వచ్చినట్టు ఆమెకు తెలియదు.

మీ అటెండరు గారు నన్ను లోపలికి పంపడం లేదు, సారు మీటింగులో ఉన్నారంటున్నారు. తలుపు సందులోంచి నీ చెప్పులు కనపడుతున్నాయి, నువ్వు ఒక్కడివే ఉన్నావు. ఈ కాగితాలు ఆయన చేత లోపలికి పంపిస్తున్నాను. ఇప్పుడు మూడు దాటింది. కింద సెక్షను అయిదింటిదాకా తెరిచి ఉంటుంది, నేనే వెళ్లి అడిగి వచ్చాను.

అయిపోయిందని ఆ పిల్ల అనుకుంటోంది. ఇంకా అవ్వలేదు. నా మీద కోపం రేపు పడు, మార్చి సంగతి రేపు చూసుకో. ఆ థీసిస్ నీ ముందే ఉంది. ఈ ఉత్తరం పక్కన పెట్టి, ఆ పేజీ తెరిచి, ఇప్పుడే సంతకం పెట్టు జాన్సన్.